తొమ్మిదో విశేషం

కిందటి వారం వదినని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, నోరు తెరిపించి వదిలేశాం. పాపం, ఆ నోరు ఇంకా మూసుకోలేదు. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం జరిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. తక్కినవాళ్లు ఈలోగా కళ్లజోడు తుడుచుకోండి.

అన్నదమ్ములిద్దరు కలిసి ఒక ఎడిటర్ తయారుచేశారు. గేటు కార్డులకీ, సర్టిఫికెట్లకీ, డిజిటల్ సంతకాలకీ వెనకాల గజిబిజి అంకెల ఫైళ్లుంటాయి. మామూలు మనిషి తెరిచి చూస్తే కళ్లు తిరుగుతాయి. ఈ ఎడిటర్‌లో తెరిస్తే మాత్రం డబ్బాలో డబ్బా, ఆ డబ్బాలో ఇంకో డబ్బా విప్పి వరుసగా పేరుస్తుంది. ఇదిగో పేరు, ఇదిగో తేదీ, ఇదిగో సంతకం అని చూపిస్తుంది. పెద్దాయన ఎడిటర్ రాశాడు. ఆయన తమ్ముడు, అందరూ చిన్నోడు అనేవాడు, ఆ ఫైళ్లను పుట్టించే ప్రోగ్రాం రాశాడు. ఆరేళ్ల కిందట ఒక పొద్దున రేవు గేటు దగ్గర నాలుగువందల మంది కార్డులు పనిచేయక వానలో నిలబడిపోయారు. చూస్తే చిన్నోడి ఫైళ్లలో సమయం రాసిన పద్ధతి తప్పు. రేవు అధికారులు పదిమంది ముందు పెద్దాయన, “తప్పు మా తమ్ముడిది. నాది కాదు” అనేశాడు. చిన్నోడు సాయంత్రానికి బ్యాగు సర్దుకుని వెళ్లిపోయాడు. ఆరేళ్లుగా మనిషి లేడు, కబురు లేదు.

వదిన ఆ పెద్దాయన భార్య. చిన్నోడు పదకొండేళ్లప్పుడు చదువు కోసం వీళ్లింటికి వచ్చి ‘వదినా’ అని పిలవడం మొదలెడితే వీధి వీధంతా అదే పిలుపు పట్టుకుంది. కట్టుకున్న మొగుడొక్కడే మినహాయింపు. ఆఫీసులో ఆవిడ పని, ఎడిటర్ ఎలా వాడాలో జనానికి అర్థమయ్యేలా రాయడం. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దాంతో పాటు రెండు జాబితాలు వెళ్లాలి. ఒకటి ‘కొత్త విశేషాలు’, రెండోది ‘సరిదిద్దిన తప్పులు’. ఏ జాబితాలో ఏది వేయాలో పెద్దాయన చెబుతాడు, వదిన రాస్తుంది. అయితే ఆవిడకో పట్టింపుంది. తన చేత్తో చేసి చూడందే ఒక్క వాక్యం కూడా రాయదు.

రేపు పొద్దున్న కొత్త వెర్షన్ బయటికి వెళ్లాలి. తొమ్మిది విశేషాల్లో ఎనిమిది అయిపోయాయి. తొమ్మిదోది రాద్దామని, రెండేళ్లుగా ‘గోరింక’ అనే మారుపేరుతో ఉత్తరాలు రాసే ఒక వాడకందారు పంపిన మొదటి ఫైలు తెరిచింది. తెరిచి, తేదీ ఉన్న డబ్బా చూసి, “ఓరి నా తండ్రీ!” అంది. అక్కడే ఆపాం కదూ? పదండి మరి.

గోరింకే ఉత్తరం రాసి అడిగిన ఆ తొమ్మిదో విశేషం ఏమిటంటే, సమయాన్ని రాసింది రాసినట్టు చూపించడం. ఇలాంటి ఫైళ్లలో సమయం ఎప్పుడూ సున్నా గడియారం ప్రకారమే రాయాలని నియమం. ఏ దేశంలో కూర్చుని రాసినా అంతే, అందరికీ ఒకటే గడియారం. కొందరు మాత్రం తమ గోడ మీది సమయం రాసి, పక్కన ‘సున్నాకి ఇన్ని గంటలు ముందు’ అనో ‘ఇన్ని గంటలు వెనక’ అనో తగిలిస్తారు. కచ్చితమైన యంత్రాలు దాన్ని ఒప్పుకోవు. మన ఎడిటర్ ఇన్నాళ్లూ మహా మర్యాదస్తురాలు. ఎవరు ఎలా రాసినా కిక్కురుమనకుండా చూసేవాళ్ల గడియారంలోకి మార్చేసి, అంతా సవ్యంగా ఉందన్నట్టు ఆకుపచ్చ టిక్కు పెట్టేది. ఇప్పుడా మర్యాద మానేసింది. ఎలా రాసుంటే అలాగే చూపించి, నియమం తప్పితే ఎర్ర గీత గీస్తోంది.

గోరింక ఫైల్లో ఎర్ర గీత పడింది. సొంత గడియారం రాసి, తేడా తగిలించి, పైగా సెకన్లు ఎగ్గొట్టాడు. సొంత గడియారం రాసేవాళ్లుంటారు. సెకన్లు ఎగ్గొట్టేవాళ్లూ ఎక్కడో ఉండే ఉంటారు. రెండూ కలిపి చేసే ఘనుణ్ణి వదిన తన జన్మలో ఒక్కణ్ణే చూసింది. వాడికి పదకొండేళ్లప్పుడు బడికి ఆలస్యం కాకుండా తన పాత చేతి గడియారం ఇచ్చింది. అది ఆడవాళ్ల గడియారం, చిన్నది, దానికి సెకన్ల ముల్లు ఊడిపోయింది. బడిలో పిల్లలు వెక్కిరిస్తున్నారని తెలిసి, “పోనీలేరా, వేరేది కొంటాను” అంటే, “సెకన్లతో ఎవరికి పని వదినా? ఇదే బాగుంది” అన్నాడు. పెద్దయి ప్రోగ్రాములు రాయడం మొదలెట్టాక కూడా అదే మాట. సున్నా గడియారం వాడరా అని వాళ్లన్న మొత్తుకుంటే, “ఆ సున్నా గడియారం ఎవరింట్లో ఉందన్నయ్యా? నేను మనింటి గడియారం చూసి రాస్తాను” అని నవ్వేవాడు.

వదిన కళ్లు తుడుచుకుని రెండో ఫైలు తెరిచింది. మూడోది తెరిచింది. గోరింక పంపినవి మొత్తం ముప్ఫై. తెరిచిన ప్రతిదాన్లోనూ ఎర్ర గీతే, సున్నాకి తొమ్మిది గంటలు వెనక. అంటే మనకి తెల్లారేసరికి వాడికి ఇంకా నిన్నటి మధ్యాహ్నమన్నమాట. అంత దూరం వెళ్లాడా పిల్లాడు! అక్కడ పొద్దున్నే ఎవరు లేపుతారు వాణ్ణి? మూడుసార్లు పిలిస్తే గాని లేవడు, మూడోసారి దుప్పటి లాగాలి. ఆరేళ్లలో ఎన్ని సాయంత్రాలు గుమ్మం వైపు చూసిందో ఆవిడకే తెలీదు. ఇప్పుడు తెలుస్తోంది, తను గుమ్మం వైపు చూస్తున్న వేళకి వాడు అక్కడ ఇంకా నిద్రలోనే ఉండేవాడని.

ఇరవయ్యేడు ఫైళ్లు అలా చూసింది. ఇరవయ్యెనిమిదోది తెరిచి, మౌస్ మీద చెయ్యి అలాగే ఉంచేసింది.

తేడా మారింది. తొమ్మిది గంటలు వెనక లేదు. ఆ అంకె ఆవిడకి కొట్టినపిండి, రోజూ చూసేదే. ఇరవై తొమ్మిది కూడా అదే. ముప్ఫై కూడా అదే. గోడ మీద వేలాడుతున్న ఆఫీసు గడియారం ఏ లెక్కన నడుస్తోందో ఆ లెక్కే.

“ఏమండీ!” అని కేకేసింది. “ఒకసారి ఇలా రండి.”

“పనిలో ఉన్నాను,” అన్నాడు పెద్దాయన పక్క గదిలోంచి.

“మీ పని ఎక్కడికీ పారిపోదు. రండి.”

ఆ గొంతు పెద్దాయనకి పాతికేళ్లుగా పరిచయం. లేచొచ్చాడు. వదిన నాలుగో విశేషం వాడి, అదే, రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి పోల్చేది, ఇరవయ్యేడునీ ఇరవయ్యెనిమిదినీ తెర మీద పెట్టింది. పెద్దాయన ఇంకా కళ్లజోడు సర్దుకోనైనా లేదు, చెవులు ఎర్రబడ్డాయి.

“మీకు తెలుసు,” అంది వదిన.

“ఏం తెలుసు?”

“నా దగ్గర ఆ అమాయకపు మొహం పెట్టకండి. మిమ్మల్ని నేనివాళ కొత్తగా చూడ్డం లేదు. ఈ గోరింక ఎవరో మీకు తెలుసు.”

పెద్దాయన కుర్చీ లాక్కున్నాడు గాని కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. “మొదటి ఉత్తరానికి అనుమానం వచ్చింది. మూడో ఉత్తరానికి రూఢి అయింది,” అన్నాడు నెమ్మదిగా.

“మూడో ఉత్తరమా! అంటే రెండేళ్లు! రెండేళ్లుగా రోజూ నా ఎదురుగా కూర్చుని భోంచేస్తూ, వాడి పుట్టినరోజుకి నేను ఏడుస్తుంటే వీపు నిమురుతూ… మీకు నోరెలా రాలేదండీ?”

“చెబితే నువ్వు ఊరుకుంటావా? అప్పటికప్పుడు ‘నాన్నా, తిన్నావా, ఎలా ఉన్నావు’ అని పెద్ద ఉత్తరం రాసేస్తావు. వాడు బెదిరి ఆ నాలుగు ముక్కలు రాయడం కూడా మానేస్తాడు. నాకు భయమేసింది. వాడు అది లేదు, ఇది లేదు అని రాస్తున్నాడు. నేను చేసి పెడుతున్నాను. వెతికే సదుపాయం లేదన్నాడు, పెట్టాను. ఎన్ని మార్పులైనా వెనక్కి తీసుకునే వీలుండాలన్నాడు, అదీ పెట్టాను. అంతవరకూ చాల్లే అనుకున్నాను.”

వదినకి కోపంతో ఒళ్లు మండిపోయింది. కోపం ఒక్కటే అయితే బాగుండు, లోపల ఇంకోటి కూడా ఉంది. అది అసూయ. ఈ తొమ్మిది విశేషాల్లో ఆరు వాడు అడిగితే ఈయన చేశాడు. అంటే అన్నదమ్ములిద్దరూ రెండేళ్లుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. పెంచిన తను మాత్రం పక్క కుర్చీలో కూర్చుని, ఆ మాటలకే శుభ్రంగా వాక్యాలు దిద్ది పెడుతూ, ఒక్క ముక్క తెలీకుండా ఎదురుచూసింది. ఎంత అన్యాయం!

“సరే. అది తర్వాత తేల్చుకుందాం,” అంది. “ఈ చివరి మూడూ చూశారా?”

“ఏముంది వాటిలో? అప్పుడెప్పుడో చూశాను.”

“పాత ఎడిటర్లో చూశారు. మర్యాదగా మార్చేసి చూపించుంటుంది. ఇప్పుడు చూడండి. ఇది ఎవరి గడియారం?”

పెద్దాయన వంగి చూశాడు. తలెత్తి గోడ గడియారం చూశాడు. మళ్లీ తెర చూశాడు. “మనదే…” అని కుర్చీలో కూలబడ్డాడు. “మనదే కదా ఇది! ఎప్పటి ఫైలు?”

“నాలుగు నెలల కిందటిది. నాలుగు నెలలుగా వాడు మన పొద్దుకే లేస్తున్నాడు. మన పొద్దుకే పడుకుంటున్నాడు.” వదిన తెర మీది అంకెని వేలితో చూపించింది. “రాసింది రాసినట్టు చూపించమని ఎందుకడిగాడో ఇప్పుడైనా అర్థమైందా? మీరు ఆ పని చేస్తే గాని వాడు వచ్చాడని మనకి తెలీదు. వాడు నోరు తెరిచి చెప్పడు. మీ తమ్ముడే కదా.”

పెద్దాయన చూపు ఎర్ర గీత మీదే ఉంది. వదిన కూడా అటే చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆవిడకి రేవు గోలకి ముందురోజు సాయంత్రం గుర్తొచ్చింది. చిన్నోడు కుర్చీ గిర్రున తిప్పి, “వదినా, ఇటు చూడు, అన్నయ్య ఎడిటర్లో తెరిచి చూశాను. అన్నీ పచ్చ టిక్కులే. రేపు దర్జాగా వెళ్తాం” అన్నాడు. తను కూడా చూసింది. నిజంగానే అన్నీ పచ్చగా ఉన్నాయి.

“ఏమండీ,” అంది. ఈసారి గొంతులో కోపం లేదు. “వాడు చూసుకున్నాడండీ. మీ ఎడిటర్లోనే చూసుకున్నాడు. ఆరోజు ఈ ఎర్ర గీత పడి ఉంటే వాడు అప్పుడే దిద్దుకునేవాడు. బాగుందని చెప్పింది మీ ఎడిటరే.”

“తెలుసు.”

“ఎప్పట్నుంచి తెలుసు?”

“ఆరోజు మధ్యాహ్నం నుంచి.”

పెద్దాయన వేళ్లు చూసుకుంటూ చెప్పాడు. “రేవు నుంచి వచ్చాక, మనకెందుకు కనపడలేదా అని నా ప్రోగ్రాం తీసి చూశాను. పదకొండు పంక్తులు. మార్చేసి చూపించేది అదే. వాడితో చెబుదామని లేచాను. వాడు బ్యాగు సర్దుకుంటున్నాడు. పదిమందిలో అన్నమాట పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి. రేపు చూద్దాంలే, కోపం తగ్గాక వస్తాడులే అనుకున్నాను. రేపు రేపంటూ ఆరేళ్లయింది.”

“దీన్ని సరిచేయడానికి ఎంతసేపు పట్టింది మీకు?”

“ఒక పూట.”

“ఒక పూట పని ఆరేళ్లు ఆపారా!”

“సరిచేస్తే తప్పుందని ఒప్పుకున్నట్టే కదా,” అన్నాడు పెద్దాయన. యాభై దాటిన మనిషి, ఆ మాట అంటుంటే దొంగతనం బయటపడ్డవాడిలా ఉన్నాడు. వదినకి జాలేసింది. జాలి చూపించే సమయం ఇది కాదని వెంటనే గుర్తు తెచ్చుకుంది.

సొరుగు లాగి గోరింక ఉత్తరాల ప్రింట్ల కట్ట తీసింది. కిందటి నెల ఉత్తరం పైనే ఉంది. ‘సమయం రాసింది రాసినట్టు చూపించాలి. ఈ మార్పు చేస్తే ఏ జాబితాలో వేస్తారు? కొత్త విశేషాల్లోనా, సరిదిద్దిన తప్పుల్లోనా?’ ఆ ఉత్తరం వచ్చినరోజు ఆఫీసంతా నవ్వుకున్నారు. జాబితాతో వీడికేం పని, వీడి పిచ్చిగాని అని. వదిన కూడా నవ్వింది.

“వాడు ఇది అడిగాడు. మీరు నాకేం చెప్పారు? తొమ్మిదో విశేషంగా రాయమన్నారు. ఇది విశేషమా అండీ?”

పెద్దాయన కుర్చీ జరుపుకుని, వదిన కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. ఆ మనిషి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా జాబితాలో తన చేత్తో ఒక్క అక్షరం రాయలేదు. విశేషాల్లోంచి, ఇంకా ఖాళీగానే ఉన్న తొమ్మిదో అంకె కొట్టేశాడు. రెండో జాబితా చివర రెండు వేళ్లతో టకటకా రాశాడు. రాసి, కొంచెం చెరిపి, మళ్లీ రాశాడు. వదిన భుజం మీంచి తొంగి చదివింది.

‘నియమం తప్పిన సమయాన్ని కూడా సరైనదిగా చూపించడం. ఈ తప్పు మొదటి వెర్షన్ నుంచీ ఉంది. దీన్ని నమ్మి ఫైళ్లు పంపినవాళ్ల తప్పేమీ లేదు. రాసినవాణ్ణి నేను. తప్పు నాది.’

“వాక్యాలు బాగున్నాయా?” అని అడిగాడు, తల తిప్పకుండా.

“ఒక్క అక్షరం కూడా ముట్టుకోను,” అంది వదిన. ఆవిడకి ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే ప్రింటు నొక్కింది.

సరిగ్గా అప్పుడే జవాబులావిడ చేతులు ఊపుకుంటూ వచ్చింది. వాడకందారుల ఉత్తరాలకి జవాబులు రాసే మనిషి ఆవిడ. ఏ గదిలో కన్నీళ్లున్నాయో వాసన పట్టి మరీ వస్తుందని ఆఫీసులో చెప్పుకుంటారు. “అయ్యో, ఏమైంది వదినా? సరే, మీరు ఏడవండి, నేను చెప్పేసి పోతాను. ఆ గోరింక మళ్లీ మొదలెట్టాడు. మధ్యాహ్నం మూడింటికొచ్చింది. ఈసారి ఒక్క ముక్క రాయలేదు. ఉత్త ఫైలు. జవాబేం రాయను? అసలు రాయనా వద్దా?”

“మూడింటికొస్తే ఇప్పుడా చెప్పేది!” అన్నారు మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఒక్కసారే. జవాబులావిడ బిత్తరపోయింది.

ముప్ఫై ఒకటో ఫైలు తెరిచారు. డబ్బాలు ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. చిన్న సర్టిఫికెట్. ఎవరి పేరు మీద ఇచ్చారో ఆ డబ్బాలో ‘వదిన’ అని ఉంది. ఊరి పేరు ఉండాల్సిన చోట ‘ఇనప మెట్లు’ అని ఉంది. చెల్లుబాటయ్యే కాలం దగ్గర రెండు ఎర్ర గీతలు. మామూలుగా ఇలాంటివి ఏడాదికో రెండేళ్లకో ఇస్తారు. దీనికి మొదలు ఇవాళ సాయంత్రం ఐదు గంటలు. ముగింపు ఇవాళ సాయంత్రం ఆరు గంటలు. సెకన్లు లేవు. గడియారం మనది.

గోడ మీద ఐదూ ముప్ఫై ఏడయింది.

“ఇనప మెట్లంటే…” అని పెద్దాయన ఆగిపోయాడు.

“మన పాత ఆఫీసు మెట్లండీ! కుట్టుమిషన్ల దుకాణం పక్కన. భోజనం డబ్బా తీసుకొస్తున్నానని వాడు అక్కడే కూర్చుని ఎదురుచూసేవాడు.” వదిన లేచింది, మళ్లీ కూర్చుంది. “ఇరవై మూడు నిమిషాలే ఉంది. ఆటో దొరక్కపోతే? మనం వెళ్లేసరికి లేచి వెళ్లిపోతే? ఏమండీ, ఇది మన ఎడిటరే కదా, ఏ డబ్బాలో ఏముంటే అది మార్చొచ్చు కదా. ఆ ఆరుని ఏడు చేసెయ్యండి.”

మతిపోయి అంటోందని ఆవిడకీ తెలుసు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. ముగింపు సమయం మీద వేలు పెట్టి, ఆ వేలు కిందికి జరిపాడు. అక్కడ చివరి డబ్బాలో వాడి సంతకం ఉంది. “ఒక్క అంకె మార్చినా ఈ సంతకం చెల్లదు,” అన్నాడు. “వాడిచ్చిన గంట వాడిచ్చిందే. మనం పొడిగించలేం.” లేచి, తలుపు వెనక చెప్పుల కోసం వెతికాడు. “నడు.”

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగారు. వీధిలో ఆఫీసులు వదిలే వేళ. ఒక్క ఆటో కూడా ఖాళీగా లేదు. నాలుగు వీధులే కదా అని నడక అందుకున్నారు. వదిన నడవలేదు, పరుగెత్తింది. చీర కుచ్చెళ్లు ఒక చేత్తో, ప్రింటు తీసిన జాబితా కాగితం ఇంకో చేత్తో పట్టుకుని, కూడలిలో ఎర్ర లైటు దగ్గర నిలబడి “మారవే, మారవే” అని దాన్ని తిట్టింది. పక్కన బైకు మీదున్నాయన తననేమోనని భుజాలు తడుముకున్నాడు. పెద్దాయన రెండడుగులు వెనకాలే వస్తున్నాడు. రెండో వీధి మలుపులో ఆయాసపడుతూ, “ఆ కాగితం ఇటివ్వు,” అన్నాడు.

“ఎందుకు?”

“ఇవ్వమన్నానుగా.”

ఇచ్చింది. ఆయన దాన్ని మడత పెట్టలేదు. అలాగే చేత్తో పట్టుకుని నడిచాడు.

నడుస్తున్నంతసేపూ వదిన మనసులో ఒకటే రొద. చిక్కిపోయాడా? జుట్టు తెల్లబడిందా? పెళ్లి చేసుకున్నాడా? చేసుకుంటే చెప్పకుండా చేసుకున్నాడా, వాణ్ణి చంపెయ్యాలి. నాలుగు నెలలు ఇదే గాలి పీలుస్తూ, బహుశా ఇవే వీధుల్లో తిరుగుతూ, తలుపు కొట్టడానికి వాడికి ఎంత బెంగగా ఉండుంటుంది! తిట్టాలని కూడబెట్టుకున్న మాటలు ఆరేళ్లవి ఉన్నాయి. ఒక్కటీ గుర్తు రావడం లేదు. వాణ్ణి ఒక్కసారి చూస్తే చాలు.

కుట్టుమిషన్ల దుకాణానికి షట్టరు సగం దించి ఉంది. పక్క సందులో ఇనప మెట్లు, అవే తుప్పు, అదే ఊగిపోయే రెయిలింగు. పైన మలుపు దగ్గర ఒక మనిషి వీధికి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. భుజాలు వెడల్పయ్యాయి. మెడ వెనక జుట్టు నెరిసింది. వదిన మెట్లెక్కింది. ఆవిడ అడుగుకి మెట్లన్నీ కిర్రుమన్నాయి. ఆ మనిషి వెనక్కి తిరగలేదు. ముందుకి చాపిన ఎడమ చేతికి చిన్న గడియారం ఉంది. బెల్టు కొత్తది. లోపల రెండే ముళ్లు.

“ఒరేయ్…” అంది వదిన.

అతని భుజాలు ఒక్కసారి కదిలాయి. అయినా తిరగలేదు. గొంతు మాత్రం అదే గొంతు.

“వచ్చావా వదినా? కళ్లు కాయలు కాశాయి నాకు.” ఒక్క క్షణం ఆగాడు. “ఒక్కదానివే వచ్చావా?”

వదిన కిందికి చూసింది. పెద్దాయన మొదటి మెట్టు మీద ఒక కాలు వేసి ఆగిపోయాడు. ఆరేళ్ల కిందట పదిమంది ముందు తడుముకోకుండా మాట్లాడిన మనిషికి ఇప్పుడు పెదవులు కదులుతున్నాయి గాని మాట రావడం లేదు. చేతిలో కాగితం అలాగే ఉంది.

అవునని గాని కాదని గాని వదిన చెప్పలేదు. అది తను చెప్పే జవాబు కాదు. రెయిలింగుకి ఆనుకుని, ఇంకో మనిషి ఎక్కడానికి చోటు వదిలి పక్కకి జరిగింది.

చిన్నోడు గడియారం చూసుకున్నాడు. ఆరు కావడానికి నాలుగు నిమిషాలుంది.